మావయ్య చెరువూ, నా పైథానూ

ఆగస్టు 4
ఇంట్లో లాప్‌టాప్ మీద ఏ గొడవా లేకుండా నడిచిన ప్రోగ్రాం. నాగాయలంకలో రొయ్యల చెరువు గట్టు మీద, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డులోకి ఎక్కిస్తే మొదటి లైనుకే ఆగిపోయింది. నేను వాడిన లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, దాంట్లో లేదట. యాకోబు మావయ్య పక్కనే నిలబడి చూస్తున్నాడు.
"నీకు పైథాన్ వచ్చుగా అమ్మాయ్?"
వచ్చు. గుడివాడలో రోజూ పిల్లలకి చెప్పేది అదే. భాష అదే మావయ్యా, నడిపే యంత్రం వేరు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైందా? ఇవాళేగా తెలిసొచ్చింది. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 5
"పైథాన్ ఎక్కడైనా ఒకటే కదండీ" అంది క్లాసులో ఒకమ్మాయి. కసిరాను. పాపం... మొన్నటిదాకా నేను చెప్పిందే.

ఆగస్టు 9
లైబ్రరీ లేకుండా మొత్తం మళ్ళీ రాశాను. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే సైరన్. మోగింది! తెల్లవారుజామున మాత్రమే మోగేలా పెట్టాను — అది పడిపోయేది ఎక్కువగా అప్పుడే, పగలు ఎలాగూ గట్టు మీదే ఉంటానన్నాడు మావయ్య.
అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ఇక ఆయన రాత్రిళ్ళు గట్టు మీద కాకుండా ఇంట్లో పడుకుంటారు, ఆ తడిగాలికే దగ్గు తగ్గట్లేదు అని.

ఆగస్టు 10
చర్చిలో అత్తయ్య లేచి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. నా పేరుతో సహా. అందరూ వెనక్కి తిరిగి చూశారు. లోపల గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

ఆగస్టు 12
తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిందట. చెరువులో నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు మళ్ళీ తిరగలేదు. రొయ్యలు ఊపిరాడక పైకి తేలాయి. సైరన్ మోగలేదు. అలవాటు కొద్దీ మెలకువొచ్చి మావయ్య వెళ్ళి వాటిని తిప్పాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే పంటంతా...

సాయంత్రం — దొరికింది. గంటెంత అని అడగడానికి పైథాన్‌లో మాట ఉంది. జవాబు చెప్పాల్సింది యంత్రం. లాప్‌టాప్ ఆపేసినా దాని గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఈ బోర్డుకి కరెంటు పోతే టైము కూడా పోతుంది. మళ్ళీ వచ్చాక అర్ధరాత్రి అనుకుంది. ఇంకా తెల్లవారుజాము కాలేదు కదా అని నోరు మూసుకుని కూర్చుంది. తిట్టాలంటే ఎవర్ని తిట్టను?

ఆగస్టు 13
టైము షరతు తీసేశాను. ఎప్పుడు తగ్గినా మోగనీ.
వచ్చి బోర్డులోకి ఎక్కిస్తానని ఫోన్ చేసి చెప్పాను. ఈసారి పక్కా అన్నాను. మావయ్య మంచం అప్పుడే మళ్ళీ గట్టు మీదకి చేర్చేశాడట.
"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఆ మిషను మీద లేదు."
నాకొచ్చిన భాష వేరు, నడిపే యంత్రం వేరని ఆయనకి చెప్పింది నేనే. ఇంకేదో అనబోయాడు, దగ్గొచ్చింది. చాలాసేపు తగ్గలేదు. ఫోన్ పట్టుకునే ఉన్నాను...