మంచు కరిగేదాకా చేసిన పనులు

మామయ్యా,

పొయ్యి మీద చిక్కుడు గింజల కూర ఉంది. రొట్టె గుడ్డలో చుట్టిపెట్టాను. ఆలివ్ నూనె కొంచెం ఎక్కువే పోసుకోండి, ఈ చలికి మంచిది. వంటింటి తలుపుకి వేసిన రంగు ఇంకా తడిగానే ఉంది, ముట్టుకోకండి. నేను లేను కదా అని నిచ్చెన ఎక్కకండి.

మంచు తీసి దారి తెరిచారని మా అన్నయ్య అక్లి పొద్దున్నే వచ్చాడు. మీరు మేకల దగ్గర ఉన్నారు. "మెజియాన్ బావ పోయి ఐదు నెలలైంది. ఇంకా ఈ ఇంట్లో ఎవరి కోసమే? బట్టలు సర్దుకో, అమ్మ ఎదురుచూస్తోంది" అన్నాడు. అమ్మని చూసి రావడానికి వెళ్తున్నాను. బట్టలు సర్దుకోలేదు.

మీ మీద నాకు కోపం ఉండేది. నాచేత కిటికీకి పచ్చరంగు వేయించారు, బాగాలేదని గీకించారు, మళ్లీ నీలం వేయించారు. అటక ఊడదీయించి అవే చెక్కలతో మళ్లీ కట్టించారు. కొడుకు పోయినా ఈయనకి ఇంటి సోకు తగ్గలేదని లోపల తిట్టుకున్నాను. మొన్న గట్టిగా ఉన్న అలమర మేకుల్ని మీరే పీకుతుంటే తలుపు సందులోంచి చూశాను. మర్నాటికి నాకు పని ఉండాలని పీకుతున్నారని అప్పుడు అర్థమైంది. ఆ పనులే లేకపోతే ఈ చలికాలం నేను గట్టెక్కేదాన్ని కాదు. ఎదురుగా చెప్పాలంటే నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

దెహ్బియా

తా.క. సాయంత్రం అజాజ్గా ఊరి నుంచి వచ్చే బస్సుకి దిగుతాను. దారంతా బురద, ఎదురు రావద్దు. చెప్తే వినరు కాబట్టి, వచ్చేటప్పుడు చేతికర్ర తెచ్చుకోండి.