సలీమా నింపిన సీసాలు

జూన్ 12, సోమవారం

నువ్వు ఎన్నడూ గ్లాసు కడగలేదు. ఎవరో కడిగిన గ్లాసులో తాగావు, మూతి తుడుచుకున్నావు, లేచి వెళ్లిపోయావు. ఈ కాగితం ఎవరి చేతిలో పడుతుందో నాకు తెలియదు. ఎవరి చేతిలో పడినా ఈ నింద వాళ్లకే.

పొద్దుటి నుంచి గ్లాసులే. వేడినీళ్ల ఆవిరి పట్టడం, బట్టతో తుడవడం, వెలుతురుకు ఎత్తి చూడడం, వేలిముద్ర కనబడితే మళ్లీ కడగడం. ఈ హోటల్ కాలేజీ దీన్ని ‘ప్రాక్టికల్’ అంటుంది. జీతం లేదు, ఎందుకంటే ఇది చదువట. పత్రికలో ఉన్నప్పుడు ఇట్లాంటి దానికి నేను పెట్టిన పేరు వెట్టి. కోవిడ్‌లో మా జిల్లా ఎడిషన్ మూసేశారు, ఆ మాట అచ్చువేసే చోటు పోయింది, హోటల్ ఉద్యోగమైనా దొరుకుతుందని ఇక్కడికొచ్చి చేరాను. మాట మాత్రం పోలేదు. పాత వెట్టికీ దీనికీ ఒకటే తేడా — ఇక్కడ హాజరు తగ్గితే వీసా పోతుంది.

కొత్తగా చేరిన పిల్ల కౌంటర్ దగ్గరికొచ్చి మర్యాదగా అడిగింది: “అంకుల్, మీ అబ్బాయి ఏ బ్యాచ్?”

“నేనే ఆ అబ్బాయిని” అన్నాను.

నలభై ఎనిమిదేళ్ల విద్యార్థిని నేను. నవ్వుకోవాల్సిన చోట నవ్వు రాలేదు.

జూన్ 14, బుధవారం

బార్ అని పేరే గానీ చుక్క మద్యం లేదు. లైసెన్సే లేదు. ఈ అరబ్బు దేశంలో అల్ ఖూజ్ అనే గోడౌన్ల పేటలో ఒక గోడౌన్‌ను అడ్డగోడలతో చీల్చి కట్టిన కాలేజీ ఇది. కింది అంతస్తులో అద్దాల బార్. హోటళ్లు పారేసిన ఖాళీ సీసాలు తెచ్చి వరసగా నిలబెట్టారు. విస్కీ సీసాలో టీ డికాక్షన్. రమ్ సీసాలో కోలా. జిన్ సీసాలో కుళాయి నీళ్లు. రెడ్ వైన్ సీసాలో గులాబీ షర్బత్. పొద్దున ఒలక్కుండా పోయడం నేర్చుకుంటాం, మధ్యాహ్నం అదే కౌంటర్ మీద కాలేజీలోని డబ్బున్నవాళ్ల పిల్లలకు కాఫీ, జ్యూస్ అందిస్తాం.

సీసాలు నింపేది సలీమా. కాకినాడ పక్క మనిషి. ఈ దేశంలోనే, బనియాస్‌లో ఒకరింట్లో ఏళ్ల తరబడి వంట చేసింది — సెలవు లేదు, తలుపుకు గడియ లేని గది. ఆ ఇల్లు వదిలి ఇక్కడ చేరింది. పాసైతే హోటల్ వంటగదిలో ఉద్యోగం. తెల్ల టోపీ, వారానికో సెలవు. ఆమె అడిగేది అంతే. ఫెయిలైతే మళ్లీ ఆ ఇల్లే. ఆ ఇంటి మేడమ్ ఇంకా ఫోన్ చేస్తూనే ఉంది.

మద్యం ముట్టుకోదు. ఖాళీ సీసాను కూడా మూడుసార్లు కడిగాకే నింపుతుంది. చేరిన రోజే మా బార్ మాస్టర్ కురియన్‌ను నిలదీసింది: “ఇందులో ఒక్క చుక్కయినా అసలుది ఉందా సార్?” పాపం ఆయన ప్రతి సీసా మూత తీసి వాసన చూపించాడట.

ఇవాళ నేను ఊరుకోలేదు. నీళ్లు నీళ్లే, సీసా గాజే, మధ్యలో దేవుడెందుకు అని మొదలుపెట్టాను. మతం శ్రామికుల చేత... వరకు వచ్చాను.

“మీరు మొదలెడితే గ్లాసులో ఐసు కరిగిపోద్ది మాస్టారూ. ముందు ఆ ట్రే ఎత్తండి.”

ఎత్తాను.

జూన్ 15

నిమ్మకాయలు కోసి కోసి వేళ్లు మంట. కౌంటర్ అవతల స్టూళ్లున్నాయి. ఇవతల లేవు. తాగేవాడికి కాళ్లు నొప్పులు పుడతాయి, పోసేవాడికి పుట్టవు — ఇది వీళ్ల శరీరశాస్త్రం.

జూన్ 19, సోమవారం

కాలేజీ డైరెక్టర్ మేడమ్ ఫొటోగ్రాఫర్‌తో దిగింది. ఈద్ సెలవుల తర్వాత ఒక పెద్ద హోటల్ వాళ్లు ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచుకోవడానికి వస్తున్నారు. బార్ అదిరిపోవాలి.

రెడ్ వైన్ సీసా ఎత్తి చూసింది. మొహం చిట్లించింది. “ఇది షర్బత్ అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. చిక్కగా ఉండాలి. నల్లద్రాక్ష తెప్పించి పిండించండి.”

కురియన్ తల ఊపాడు. సలీమా ఊపింది. నేను పక్కన గ్లాసులు తుడుస్తూ ఉన్నాను. అంతా విన్నాను.

అబద్ధాన్ని చిక్కబరచడానికి ద్రాక్షపళ్లు. దీని మీద ఒక సంపాదకీయం రాయొచ్చు. ఎవరు వేస్తారు?

జూన్ 23, శుక్రవారం

నా గదిలో తోడుండేది గంగారాం. కోరుట్ల పక్క మనిషి, కంపెనీ బస్సు డ్రైవర్. వంట ఆయనది, అంట్లు నావి.

“ఏం సదువన్నా నీది? బార్ల చాయ పోస్తరా? మా ఊళ్లె గట్ల పోస్తే గల్లా పట్టి కొడ్తరు.”

“అది శిక్షణ, గంగన్నా.”

“ఏం శిక్షణ? చాయ పోసుడు నాకు ఎవ్వలు నేర్పలే.”

అంట్లు తోమాను.

జూన్ 26, సోమవారం

రేపటి నుంచి ఈద్ సెలవులు. సలీమా పొద్దున్నుంచీ ద్రాక్ష పిండుతోంది. పలుచని గుడ్డలో వడకట్టి, చక్కెర కలిపి, సీసాల్లో పోసి కార్కులు బిగించింది. చేతులు మోచేతుల దాకా ఊదా రంగు. రంగు మాత్రం అద్భుతం — కురియన్ ఒక గ్లాసులో పోసి దీపానికి ఎత్తిపట్టి, “క్యా బాత్ హై” అన్నాడు.

“ఫ్రిజ్‌లో పెడదామా సార్? పళ్లరసం కదండీ” అంది సలీమా.

మెట్ల మీది నుంచి మేడమ్ గొంతు: “వద్దు, షెల్ఫ్ మీద పెట్టండి. ఎట్లాగూ మెయిన్ స్విచ్ ఆపేస్తున్నాం, ఫ్రిజ్ కూడా పనిచేయదు.”

సెలవుల్లో కరెంటు ఆదా. కింది అంతస్తు అంతా ఖలాస్. ఏసీ ఆగిన నిమిషం నుంచి ఆ గది పొయ్యి. బయటి ఎండకు కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

జూన్ 28

ఈద్. సలీమా సేమ్యా డబ్బా పంపింది, గంగారాం బస్సులో. దేవుడు లేడు. సేమ్యా ఉంది. గంగారాం, నేను అడుగు దాకా గీకి తిన్నాం.

జూలై 3, సోమవారం

వరసగా రాయాలి.

పొద్దున మెయిన్ వేశారు. గది ఇంకా ఉడికిపోతూనే ఉంది. హోటల్ నుంచి సూట్లు వేసుకుని ముగ్గురొచ్చారు. మేడమ్ వాళ్ల పక్కనే. కౌంటర్ వెనక సలీమా — ఇస్త్రీ చేసిన ఏప్రన్, తల మీద తెల్ల స్కార్ఫ్. ఆమెనే ఎంచుకుంటారని మా అందరికీ తెలుసు. టీ డికాక్షన్ విస్కీ చుక్క ఒలక్కుండా పోసింది. సూట్లు తలలూపారు.

తర్వాత రెడ్ వైన్. కార్కు కదిలించింది. కార్కు ఎగిరి పై లైటుకు తగిలింది. నురగ బుసబుసా పొంగి చేతుల మీద, ఏప్రన్ మీద, కౌంటర్ మీద. పక్క సీసా దానంతటదే పేలింది. గదంతా వాసన.

సూట్లలో ఒకడు నవ్వాడు: “మీరు నిజంగానే వైన్ తయారు చేస్తున్నారే!”

మేడమ్ నవ్వలేదు. సలీమా తన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఏం వాసన మాస్టారూ ఇది?”

“పులిసింది” అన్నాను. అంతకంటే మెల్లగా చెప్పడం నాకు రాలేదు.

సింక్ దగ్గరికి పరిగెత్తింది. గ్లాసులు తోమే పీచుతో చేతులు తోముకుంటూనే ఉంది. నేను వెళ్లి కుళాయి కట్టేసేదాకా.

సూట్లు ఎవరినీ ఎంచుకోకుండానే వెళ్లిపోయారు.

జూలై 4

సలీమాను ఆఫీసు గదిలోకి పిలిచారు. కౌంటర్‌లో నాతోపాటు పనిచేస్తుంది, నేను సాక్షిని అని చెప్పి నేనూ దూరాను. కురియన్ గోడ పక్కన నిలబడ్డాడు.

మేడమ్: “లైసెన్సు లేని చోట మద్యం తయారుచేస్తే ఏమవుతుందో తెలుసా?”

“మీరే కదా మేడమ్, ద్రాక్ష పిండమన్నారు...”

“నేను రంగు అడిగాను. ఇన్నేళ్లు వంట చేశానని అప్లికేషన్‌లో రాశావు. ఎండకు రసం పులుస్తుందని తెలియదా? తెలిసే చేశావు.”

నేను నోరు తెరిచాను. ఫ్రిజ్ వద్దన్నది ఎవరు, మెయిన్ ఆపింది ఎవరు అన్నాను. నన్ను బయటికి పొమ్మన్నారు. పోలేదు. సెక్యూరిటీ వచ్చాక పోయాను.

తర్వాత సలీమా చూపించింది — ఆమె కోసం ఒక కాగితం టైపు చేసి పెట్టారు. ‘కాలేజీకి తెలియకుండా నా అంతట నేను మద్యం తయారుచేశాను, క్షమించండి.’ సంతకం పెడితే కోర్సు కొనసాగుతుంది. పెట్టకపోతే ఫిర్యాదు, వీసా రద్దు. వచ్చే సోమవారం దాకా గడువు.

జూలై 5, బుధవారం

బార్‌కు తాళం. సలీమా వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. వేళ్ల సందుల్లో ఇంకా ఊదా రంగు.

పెట్టొద్దన్నాను. ఒక్క సంతకంతో వాళ్ల పాపమంతా నీ నెత్తిన రుద్దుతారన్నాను. అందరం కలిసి నిలబడదాం, పనులు ఆపేద్దాం, ఈ దేశంలో మనలాంటివాళ్ల... అంటుండగానే చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ పోరాటానికి నా వీసా పెట్టుబడా మాస్టారూ?”

ఆమె కింది మెట్టు మీద కూర్చున్నాను.

“సంతకం పెడితే సారా కాసినదాన్ని. పెట్టకపోతే ఈ వీసా పోద్ది, నాకు వేరే వీసా ఇచ్చేది బనియాస్‌లో ఆ ఇల్లే. మీరు చెప్పండి, రెంట్లో ఏది మంచిదో.”

“అది నీ తప్పు కాదు సలీమా. ఎండ చేసింది. కరెంటు ఆపినవాళ్లు చేశారు.”

“ఎండ వచ్చి సంతకం పెట్టదు కదండీ.”

వేళ్ల మీది రంగును గోటితో గీకింది. తర్వాత నా వైపు చూడకుండా: “నిన్న నమాజుకి ముందు చేతులూ కాళ్లూ కడుక్కుని వజూ చేసుకుంటుంటే ఈ చేతుల కేసి చూడలేకపోయాను. వీసా సంగతి దేవుడెరుగు. ఆ మాట ఎలా అనగలిగిందండీ ఆవిడ? తెలిసే చేశావని?”

దేవుడు లేడని ఈమెతో వాదించిన మనిషిని నేను. ఆ నమ్మకం మీద బురద చల్లితే నాకెందుకు ఇంత మండుతోంది? మండాలి. నమ్మకం ఆమెది. ఆమె దగ్గర వీళ్లు లాక్కోలేకపోయింది అదొక్కటే. దాన్ని కూడా టైపు కొట్టించి సంతకం పెట్టమంటున్నారు.

జూలై 6

కురియన్‌ను పార్కింగ్‌లో పట్టుకున్నాను. మేడమ్ ఫ్రిజ్ వద్దనడం నువ్వు విన్నావా లేదా, ఒక్క మాట చెప్పు అన్నాను.

“రాజేశం భాయ్, ముఝే మత్ ఖీంచో, నన్ను ఇందులోకి లాగకు. నా వీసా కూడా మేడమ్ డ్రాయర్‌లోనే ఉంది.”

పిరికివాడా అన్నాను. తెలుగులోనే అన్నాను, అయినా అర్థమైంది. కారు తలుపు తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు.

“నా అంతట నేను వెళ్లి చెప్పను. అందరి ముందు నన్ను అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. ఇంతకంటే నా వల్ల కాదు.”

ఇదీ ఒక ధైర్యమేనా... ఈ వయసులో కొలతలు మారుతున్నాయి.

జూలై 7, శుక్రవారం

గంగారాం చపాతీలు కాలుస్తూ అంతా విన్నాడు.

“ఇడిసిపెట్టన్నా. ఆమె వీసా పోతే నువ్వు తెస్తవా? రేపు నిన్ను సుత ఎల్లగొడ్తరు. యల్లా, తిను ముందు.”

తిన్నాను. ఆఖరి చపాతీ దించి ఆయనే అన్నాడు:

“గని గా మాట సక్కగ లేదన్నా. చెయ్యనిదాన్ని చేసిన అని రాసియ్యమంటె ఎట్ల రాసిస్తది? ముసల్మాన్ పిల్ల గదా.”

జూలై 8

మేడమ్‌కు అందరి తరఫున ఇవ్వాలని వినతిపత్రం రాశాను, దాని నిండా దోపిడీ, పెట్టుబడి, నిరంకుశం. చించేశాను. మళ్లీ రాశాను. మళ్లీ అవే మాటలు వచ్చి కూర్చున్నాయి. పత్రికలో ఇరవై ఏళ్ల అలవాటు.

జూలై 9, ఆదివారం

ఫోన్లో సలీమాకు చదివి వినిపించాను.

“ఆ పెద్ద మాటలన్నీ తీసెయ్యండి మాస్టారూ. ఆవిడకి కోపం తప్ప ఏమీ రాదు వాటివల్ల. ఫ్రిజ్ అని రాయండి. ఫ్రిజ్ ఎవరికైనా తెలుస్తాది.”

తీసేశాను. ఒక్కో మాట తీస్తుంటే నా పళ్లు నేనే పీక్కుంటున్నట్టుంది. మిగిలింది కాస్తే. బార్‌లో పనిచేసే మిగతా పిల్లలు కొందరు సంతకం పెడతామన్నారు. రేపటికి ఎందరు మిగులుతారో తెలియదు.

“నీ సంతకం?” అన్నాను.

“రేపు గేటు దగ్గర చెప్తాను. దీని కాపీ నా ఫోనుకి పంపండి, ఆ క్షమాపణా ఇదీ రెండు కాగితాలూ నా బ్యాగులోనే ఉంటాయి.”

“రెండూనా?”

“రెండూనండి. మీరు రాత్రంతా ఆలోచించి నన్ను ఒప్పించే మాటలు రాసుకోకండి. నిద్రపోండి.” పెట్టేయబోతూ ఆగింది. “డిమాండ్లలో ఆఖర్న నాదొకటి రాయండి. నేను చెప్పినట్టే రాయండి, మీరేం కలపొద్దు.”

కలపలేదు.

మా డిమాండ్లు:

బార్‌లో మేం చేసేది పని. దాన్ని పని అనే రాయాలి.

పనికి రాలేదని హాజరు కోసి, వీసా పేరుతో బెదిరించకూడదు.

కౌంటర్ ఇవతల కూడా స్టూళ్లు వేయాలి.

సెలవుల్లో ఫ్రిజ్‌కు కరెంటు ఆపకూడదు.

ద్రాక్ష పిండమన్నది ఎవరో, షెల్ఫ్ మీద పెట్టమన్నది ఎవరో కురియన్ సార్‌ను అందరి ముందు అడగాలి.

టైపు చేసిన క్షమాపణ కాగితం రద్దు చేయాలి.

సలీమా తెలిసి చేయలేదని డైరెక్టర్ మేడమ్ తన నోటితో చెప్పాలి. ఆఫీసు గదిలో కాదు, బార్‌లో, అందరూ ఉండగా, నా మొహం చూసి చెప్పాలి.