ఎలోడీ గాజు సీసాలో పట్టిన పెట్రోలు

చిరంజీవి ఓవీడ్‌కు నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, పడవ కూడా.

పెట్రోలు ధర మండిపోతోందనీ, నీ భార్య ఎలోడీ చేతిలో ఇంజను దక్కదనీ, పీతల పడవను అమ్మేయమనీ వ్రాశావు. ఆ మాటకు సముద్రంలో నూనెబావి మీద నీతో పనిచేసే స్నేహితులందరూ నవ్వారనీ వ్రాశావు. జరిగినది విను. చలికాలమంతా కదలని పడవను తీసే ముందు, ఎలోడీ ట్యాంకు అడుగునుండి కొంత పెట్రోలు గాజు సీసాలోకి లాగి గట్టుమీద నిలబెట్టింది.

"ఏమ్మా, గంబో పులుసు కాస్తున్నావా?" అన్నాడు పొరుగింటి దూదూ.

"నేను కాదు బాబాయ్, మీ ఓవీడ్ వండిపెట్టి వెళ్లాడు. ఎలా విరిగిందో చూడు."

నిజమే. పైన పెట్రోలు, అడుగున నీళ్లు పీల్చుకున్న ఆల్కహాలు రెండు పొరలుగా విడిపోయాయి. చౌక అని రోడ్డు బంకులో నీవు సగం ట్యాంకు పట్టించిన, ఆల్కహాలు కలిపిన పెట్రోలే అది. అలాగే బయలుదేరితే ఇంజను సముద్రపు మొగలో ఆగిపోయేది. ఆమె ట్యాంకు ఖాళీ చేయించి, రేవులో ఆల్కహాలు కలపని పెట్రోలు పోయించింది.

"ధర ఎక్కువ కదమ్మా?" అన్నాను.

"ఆటుతో వెళ్లి పోటుతో వస్తా మావయ్యా. నీళ్లే తోస్తుంటే ఇంజనుకు అంత మేత ఎందుకు?"

నిన్న గంపల నిండా పీతలతో తిరిగి వచ్చింది. ట్యాంకులో పెట్రోలు ఇంకా మిగిలే ఉంది. నా కోడలని రేవంతా చెప్పుకున్నాను.

ఉన్ని మేజోళ్లు అందాయా? నడుము నొప్పి తగ్గిందా? నీ కార్డులో ఒక్క పూర్ణవిరామమూ లేదు, సరిదిద్దుకో. పడవ అమ్మే మాట మానుకో. నవ్విన ఆ స్నేహితులందరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఈ కార్డును మొదటినుండి బిగ్గరగా చదివి వినిపించు.