ఆరింటి మాత్ర

12 ఫిబ్రవరి 2025, కోదాడ

మా ఆయన జానయ్య పోయి పదిహేను రోజులు. ఆయన నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ మాత్రల లెక్కపుస్తకంలో వేళలు, సంతకాలు తప్ప ఏమీ రాయకూడదు. మిగతాది రాయడానికి ఈ డైరీ తీశాను.

సూర్యాపేట దవాఖానలో ఇచ్చిన మాత్రలు అరవై. వేసినవి నలభై ఆరు. మిగిలిన పద్నాలుగు బీరువాలో ఉన్నాయి, తాళం నా దగ్గర. సోమవారం తిరిగి అప్పగించాలి. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఒక్కటి కూడా తేడా రాలేదు.

14 ఫిబ్రవరి

వెనక వీధి ఈదయ్య వచ్చాడు. చిన్నప్పుడు మా ఆయనతో గొర్రెలు కాసినవాడు. కడుపులో గడ్డ. కూర్చోలేక గోడకు ఒరిగాడు. ఒక్క మాత్ర ఇయ్యమన్నాడు. దీని సంగతి నీకెవరు చెప్పారన్నాను.

చెప్పుడేంది వదినా, పొద్దుమూకినంక సూడనొస్తే జానన్నే ఇస్తుండె, తువాల మూలకు ముడేసి పెట్టేటోడు, అన్నాడు.

ఎన్ని రోజులని అడిగాను. ఏడు.

అదే రోజు, సాయంత్రం ఆరు

మాత్ర చేతిలో పెట్టి, వేళ రాయడానికి పుస్తకం వైపు తిరిగేదాన్ని. మాత్ర ముడేసుకోవడానికి ఆయనకు ఆ కాస్త వ్యవధి చాలింది. ఏడుసార్లు 'వేశాను' అని సంతకం చేశాను. ఆ రాత్రుళ్లు మూలుగుతుంటే, ఆరింటికే కదా వేసింది, పది దాకా ఓర్చుకో అని కసిరాను.

ఓర్చుకున్నాడు.

15 ఫిబ్రవరి

ఈదయ్యకు ఇవ్వలేదు. మనవరాలు సౌమ్య నాతో మాట్లాడడం మానేసింది. అంతకుముందు మాత్రం, ఒక్కటిస్తే ఏమైతది నానమ్మా, గాయన మూలుగుడు గీడిదాక ఇనబడుతుంది, అంది.

ఏమవుతుందో నాకు తెలుసు. ఒకరి పేరున ఇచ్చిన మార్ఫిన్ మరొకరికి ఇస్తే నేరం. మోతాదు తప్పితే ఊపిరి ఆగిపోవచ్చు. అయినా తాళంచెవి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. అదీ రాస్తున్నాను.

సూర్యాపేట దవాఖాన నర్సు ఉమారాణికి ఫోన్ చేశాను. ఈదయ్యను తీసుకొస్తే డాక్టర్ చూసి, అతని పేరునే రాస్తారట. ఈదయ్య రానన్నాడు. గంజాయి కేసుల ఏస్తరట వదినా, ఇప్పటికే ఏడు మింగిన, అన్నాడు. జైల్లో కూడా దవాఖాన ఉంటుంది, లేవయ్యా, అన్నాను. నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. వస్తానన్నాడు.

16 ఫిబ్రవరి

రేపు జరగవలసినవి:

1. ఆరున్నర బస్సు. ఈదయ్యకు కిటికీ పక్క సీటు.
2. అతని కూతురు యశోద మిర్యాలగూడ నుంచి స్కానింగ్ కాగితాలతో నేరుగా దవాఖానకు రావాలి.
3. పద్నాలుగు మాత్రలూ అప్పగించాలి. దారిలో ఈదయ్య ఎంత అడిగినా ఇవ్వకూడదు.
4. పుస్తకంలో ఏడుచోట్ల 'వేశాను' కొట్టేసి, 'చేతికిచ్చాను' అని రాసి సంతకం చేయాలి. ఏమడిగినా ఉన్నది చెప్పాలి.
5. ఈదయ్యకు అతని పేరున రాసిచ్చిన మొదటి మాత్ర నేనే ఇవ్వాలి. మింగాక, నోరు తెరిచి చూపించమనాలి.