రొయ్యలు ఒలిచిన చేతులు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

మన పేటలో నువ్వు రొయ్యలు ఒలిచిన తాటాకు షెడ్డు ఇప్పుడు లేదు. శుభ్రమైన చోట ఒలవని రొయ్యలు కొనబోమని ఐరోపా దేశాలవాళ్లు అన్నారట. వాళ్ల షరతుల్నే మన ప్రభుత్వం చట్టం చేసింది. అంత ఖర్చు భరించలేక షావుకారు షెడ్డు మూసేశాడు. హార్బరు దగ్గర ఒక పెద్ద కంపెనీ టైల్సు గోడలతో, కుళాయిలతో కొత్తది కట్టింది. నాకు అక్కడ గేటు దగ్గర ఉద్యోగం దొరికింది. లోపలికెళ్లే ఆడవాళ్ల చేతులు చూసి, పుండ్లుంటే వెనక్కి పంపాలి.

మొదటిరోజే నూకాలత్త వచ్చింది. ఇన్నేళ్లూ నీ పక్కన కూర్చుని ఒలిచిన మనిషి. నువ్వు మంచాన పడితే అన్నం తినిపించిన మనిషి. ఆమె వేళ్ల నిండా రొయ్యముళ్లు గుచ్చుకున్న పుండ్లే.

"అత్తా, ఈ సేతుల్తో లోపలికి ఎల్లనివ్వరే," అన్నాను.

"రొయ్యలు ఒలిసే గదరా ఇవి ఇలాగయ్యాయి?"

నేను గేటుకు అడ్డంగానే నిలబడ్డాను. ఆమె నా ముఖంలోకి చూసి, "సర్లే, నీ ఉజ్జోగం పోద్ది," అంటూ తనే పక్కకు తప్పుకుంది.

ఇక మన గడప తొక్కదనుకున్నాను. ఈరోజు పొద్దున్నే గిన్నెలో రొయ్యలు పట్టుకుని వచ్చింది. నీ మరదలు ఒలవబోతే, "నువ్వుండమ్మా, దానికి నానే వండి పెడతాను," అని పెరట్లో కూర్చుంది.

నీ ఫోటో ముందు ఆకు వేసి వడ్డించాక, ఒక ముద్ద కలిపి నా నోటికి అందించింది. ఆ చేతివంక చూడలేక కళ్లు మూసుకుని తిన్నాను.

నీ తమ్ముడు