రెండో వెండి కన్ను

అరసవల్లి,
17 ఆగస్టు 2025, ఆదివారం.

అన్నయ్య అప్పలసూరికి,

చెల్లెలు ఝాన్సీ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. సుగరు మాత్ర వేసుకున్నాకే ఈ ఉత్తరం చదువు.

నాలుగేళ్లుగా ఒక ప్రశ్న మోస్తున్నాను. తడిసిన గడ్డివాములో, కుళ్లిన గుమ్మడికాయలో, మనమంతా పీల్చే గాలిలో ఉండే బూజు, నరసన్నపేటలో అందర్నీ వదిలి నీ కంటి దగ్గరికే ఎలా వచ్చింది? కరోనా ఒంటిని గుల్ల చేసింది. స్టెరాయిడ్ మందులకి సుగరు నాలుగొందలు దాటింది. బూజుకి అదే మాగాణి అయింది. వృక్షశాస్త్రం చెప్పేదాన్ని కదా, క్లాసులో ఈ జవాబే చెప్తాను. నాకు మాత్రం అది చాలడం లేదు.

విశాఖ ఆసుపత్రి ల్యాబులో నా పాత విద్యార్థిని కుమారి, నీ ముక్కులోంచి తీసిన నల్లటి పొక్కును సూక్ష్మదర్శినిలో చూపించింది. వెడల్పాటి గాజు పోగులు, కొమ్మలు కొమ్మలుగా. ఎంత అందంగా ఉందో అన్నయ్యా. నిన్ను తింటున్నదాన్ని చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అంతకన్నా వింత నువ్వు. కన్ను తీసిన పదో రోజున మంచం మీద లేచి కూర్చుని, ధనలక్ష్మి వదినతో, "ఏటే అలా సూస్తన్నావు? ఇకనించి నీ తప్పులు సగమే కనిపిస్తాయి" అన్నావు. "నోరు మాత్రం ఒగ్గేసినారు డాకటర్లు" అంది వదిన, కళ్లు తుడుచుకుంటూ. ఇప్పుడు ఒంటికంటితో వరినారులోంచి ఊదమొక్కని ఏరేస్తున్నావు. రెండు కళ్లూ, ఒక డిగ్రీ పట్టా ఉన్న నేను ఏది వరో ఏది ఊదో పోల్చుకోలేను.

నీ ప్రాణం దక్కితే సూర్యనారాయణస్వామికి వెండి కళ్లు ఇస్తానని మొక్కాను. మొన్న నువ్వే గుర్తుచేసి, "ఒసే, జత కొనకే. నాకొక్కటే ఉంచినాడు, ఆయనకీ ఒక్కటే సాలు" అని నవ్వావు. నేను నవ్వలేకపోయాను. కొట్లో విడిగా అమ్మరట, జతే కొన్నాను. ఒకటి హుండీలో వేశాను. రెండోది ఈ కవరులో ఉంది.

నీ చెల్లెలు,
ఝాన్సీ

తా.క. ఆ కంటి చూపు అప్పటికే పోయిందని, అందుకే కన్ను తీశారని నీకు చెప్పాను. అది అబద్ధం. ఆపరేషన్ రోజు పొద్దున ఆ కంట్లోకి టార్చి వేస్తే, ఆ మగతలోనే, "ఎలుతురు తెలస్తన్నాదే" అన్నావు. తర్వాత నీకది గుర్తులేదు. మందు మీద రెండు రోజులు ఆగి చూడొచ్చు, ఈలోగా మెదడుకి ఎక్కితే మాత్రం మనిషి దక్కడు అన్నారు డాక్టరు. కన్ను తీయడానికి ఒప్పుకోలు కాగితం చూసి వదిన కలం నాకిచ్చేసింది. సంతకం నేను పెట్టాను. ఆ కన్ను నీ ప్రాణానికి మారుగా స్వామి తీసుకున్నాడో, నా భయం తీసుకుందో, ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.