బెన్ ఉల్లాచ్ నల్ల చీలిక

గ్లెన్ ఉల్లాచ్,
ఫిబ్రవరి

ప్రియమైన లాక్లన్,

నీ స్నేహితుడు ఫిన్లేని వెంటబెట్టుకుని గ్లాస్గో నుంచి వస్తున్నావని తెలిసి వాళ్ళమ్మ అప్పుడే గుమ్మంలో కూర్చుంది. బెన్ ఉల్లాచ్ కొండ మీద మంచు బాగా పట్టింది. గొర్రెల దారి మీకు చప్పగా ఉంటుంది, తెలుసు. ఉత్తరపు గట్టు మీది కోరపన్ను జోలికి మాత్రం పోకండి. ఆ బండ చలికాలమంతా గాజులా ఉంటుంది. నల్ల చీలికలోంచి ఎక్కండి. అక్కడ మంచు గట్టిగా ఉంది, కాలు నిలుస్తుంది. నా మాట నమ్ము.

మీకోసం ఓట్ రొట్టెలు కాల్చి ఉంచుతాను.

నీ అక్క,
ఇష్బెల్

గ్లాస్గో,
మార్చి

అక్కా,

ఫిన్లేని మట్టిచేసిన వెంటనే నీకు చెప్పకుండా బస్సెక్కాను. నీ ముఖం చూడలేకపోయాను. నల్ల చీలికలో మంచు నిలవలేదు, అంతే. ఎవరడిగినా అదే చెప్పు. ఇంక రాయలేను.

లాక్లన్

గ్లెన్ ఉల్లాచ్,
మార్చి

ప్రియమైన తమ్ముడూ,

మంచు నిలుస్తుందని చెప్పింది నేనే కదరా! ఆ సంగతి ఫిన్లే అమ్మకి నేనే చెప్పాను. శనివారం గుడ్లు పట్టుకెళితే ఆవిడ తలుపు సగమే తీసింది. "నా కొడుక్కి దారి చూపించావు, ఇప్పుడు నాకు గుడ్లు చూపిస్తున్నావా? పోవే!" అంది. గుమ్మంలో పెట్టి వచ్చేశాను. మళ్ళీ శనివారం వెళితే బుట్ట అక్కడే ఉంది.

నల్ల చీలిక వైపు తలెత్తలేకపోతున్నాను. నువ్వైనా నన్ను తిట్టు.

నీ
ఇష్బెల్

గ్లాస్గో,
ఏప్రిల్

ప్రియమైన అక్కా,

నీ తప్పేం లేదు. కొండ కొండే. ఆవిడ దగ్గరికి వెళ్ళటం మానెయ్. ఈ సంగతి ఇంక రాయకు. వేసవికి రాలేను, పని ఎక్కువగా ఉంది.

నీ తమ్ముడు

గ్లెన్ ఉల్లాచ్,
మే

లాక్లన్,

నువ్వు మానెయ్యమన్నా మానలేదు. పోయిన శనివారం ఆవిడ తలుపు పూర్తిగా తీసింది. "లోపలికి రా, కాళ్ళు తడిశాయి" అని టీ పోసింది. "మావాడు దుడుకుపని చేసి పోలేదు. పెద్దదానివి, నీ మాట వినే పోయాడు. నాకు అదొక్కటే ఊరట" అంది.

నిన్న తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ ఉత్తరపు గట్టెక్కాను. మంచు అంతా కరిగింది. కోరపన్ను కింద, రాతి పగుల్లో ఫిన్లే మంచుగొడ్డలి ఇరుక్కుని ఉంది. పిడి మీద వాడి పేరు కాల్చి ఉంది. గట్టు మీంచి పడ్డా, చీలికలోంచి పడ్డా చేరేది కింద వాడు దొరికిన ఆ ఒక్క మడుగుకే. అందుకే వెతికినవాళ్ళకి తెలియలేదు. నీకు తెలుసు. తెలిసి కూడా ఆవిడ తిట్లు నన్ను తిననిచ్చావు.

అంతకంటే పాడు సంగతి చెప్పనా? గొడ్డలి చూడగానే నాకు ముందు కలిగింది సంతోషం. వాడు జారిన చోట కూర్చుని, నేను బతికిపోయానని నవ్వాను. కింద మడుగు కనిపిస్తూనే ఉంది. ఆ నవ్వు మాత్రం నాదే. దాన్ని నీమీదికి తోయలేను.

గొడ్డలి ఆవిడకి నేనివ్వను. ఉన్న ఆ ఒక్క ఊరటా నేను తీయలేను, అబద్ధం మీద టీ కూడా తాగలేను. నువ్వొచ్చి నీ చేత్తో ఇవ్వు. శనివారం బస్సు దగ్గర ఉంటాను. ఆవిడ తలుపు మూసేస్తే ఇద్దరం గుమ్మంలోనే కూర్చుందాం.

ఎప్పటికీ నీ అక్కే,
ఇష్బెల్